గ్యాస్ మాత్రతో ఆగని మంట: బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత

ఆపరేషన్ బెంగళూరులోనో హైదరాబాదులోనో చెన్నైలోనో అవుతుంది. మంట మాత్రం ఇంటికొచ్చాక, ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో గుంతకల్లులోనో, నడిరేయి మొదలవుతుంది. సర్జన్ వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, మెడికల్ షాపు వీధి చివరే ఉంటుంది. తెల్లారగానే పోయి "గ్యాసుకు ఏదన్నా ఇయ్యన్నా" అంటే ఒక స్ట్రిప్పు చేతిలో పడుతుంది. రెండు రోజులు నెమ్మదిస్తుంది. మూడోరోజు మళ్లీ గొంతులోకి పుల్లనీళ్లు.

ఆపరేషన్‌కు ముందున్న మంట, తర్వాత వచ్చే మంట పేరుకు ఒకటే గానీ పుట్టుక వేరు. పొట్టను కోసి చిన్నది చేసేటప్పుడు ఆమ్లాన్ని తయారుచేసే కణాల్లో చాలాభాగం కోసేసిన ముక్కతో పాటే పోతుంది. అంటే మునుపటికంటే ఆమ్లం తక్కువే ఊరుతుంది. పెరిగింది ఆమ్లం కాదు, ఒత్తిడి. గ్యాస్ మాత్ర చేసేదల్లా పైకొచ్చే నీళ్లలో పులుపు తగ్గించడం. నీళ్లు పైకి రావడాన్ని అది ఆపలేదు. దాన్ని ఆపగలిగేవి చాలావరకు తినే తీరు, తాగే తీరు, పడుకునే తీరు. అవి చాలని చోట మళ్లీ సర్జనే చూడాలి.

లోపల ఏం మారింది

మన దగ్గర ఎక్కువగా జరిగేది స్లీవ్ ఆపరేషన్. సంచిలాంటి పొట్టలో 75 నుంచి 80 శాతం నిలువుగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక గొట్టం, పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, సుమారు ఒక టీ గ్లాసు. కోసేటప్పుడు కొలత కోసం లోపల పెట్టే ట్యూబు సాధారణంగా 36 నుంచి 40 ఫ్రెంచ్ సైజు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు కాబట్టి, 12 నుంచి 13 మిల్లీమీటర్ల మందం. చీనీ తోటల్లో పరిచే 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపుకంటే సన్నం. పొట్టగోడ సాగుతుంది గనక గొట్టం అంత ఇరుకుగా ఉండిపోదు గానీ, ఆ పోలిక మనసులో ఉంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

తీసేసిన ముక్కలో పొట్ట పైభాగపు బుడ్డ కూడా ఉంటుంది. మామూలు మనిషిలో ఆ బుడ్డ రెండు పనులు చేసేది. అన్నం దిగగానే వదులై చోటిచ్చేది. మింగిన గాలిని కాసేపు తనలో నిలుపుకునేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. అన్నవాహిక పొట్టను కలిసేచోట ఒక వాలు మలుపు ఉండేది, అదీ సహజమైన మూతలా పనిచేసేది. కోత దాని పక్కనుంచే పోతుంది గనక మలుపు సాపు అవుతుంది, అక్కడి కండరపు పట్టు సడలుతుంది. కింద పేగులోకి పోయే ద్వారం మాత్రం ఎప్పటిలాగే బిగువుగా ఉంటుంది. సన్నని పైపు, కింద బిగువైన వాల్వు, పైన వదులైన మూత. ఇంకో గుక్క ఎక్కువైతే అది పోయే దారి పైకే.

డ్రిప్ పైపు మడతపడితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. స్లీవ్ గొట్టం కూడా నడిమి వంపు దగ్గర ఇరుకైనా, మెలితిరిగినా అదే జరుగుతుంది. ఛాతీకి, పొట్టకు నడుమనున్న డయాఫ్రం కంతలోంచి పొట్ట కొంత పైకి జారి ఉంటే, దాన్నే హయాటస్ హెర్నియా అంటారు, మంట ఇంకా ఎక్కువ.

బైపాస్ సంగతి వేరు. అందులో పైన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి పేగును నేరుగా దానికి కలుపుతారు. పైత్యరసాన్ని చాలా కిందకు మళ్లిస్తారు. అందుకే మంట ముందునుంచే తీవ్రంగా ఉన్నవాళ్లకు సర్జన్లు స్లీవ్ కంటే బైపాస్ వైపు మొగ్గుతారు. బైపాస్ తర్వాత కొత్తగా మంట వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది అతుకు దగ్గర పుండును. మినీ బైపాస్‌లో అతుకు ఒక్కటే, పేగులోని పైత్యరసం ఆ అతుకు పక్కనుంచే పారుతుంది. అది పైకొస్తే పులుపు ఉండదు, చేదు ఉంటుంది, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో పడుతుంది. ఎన్ని గ్యాస్ మాత్రలు మింగినా పైత్యరసం ఆగదు. కాబట్టి డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట "మంటగా ఉంది" కాదు. పుల్లగా వస్తోందా, చేదుగా వస్తోందా అన్నది.

సంగటి ముద్ద మింగే అలవాటు

మన సీమలో సంగటిని నమలరు. ముద్ద చేసి, మధ్యలో గుంత పెట్టి, పులుసులో ముంచి, నాలుక మీదుగా జార్చేస్తారు. నమిలి తినేవాణ్ణి చూసి నవ్వే ఊళ్లున్నాయి. ఆపరేషన్ తర్వాత ఈ ఒక్క అలవాటు తెచ్చే తంటా కారం కూడా తేదు. నిమ్మకాయంత ముద్ద మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. జిగురుగా, ఒకే గడ్డగా పోయి గొట్టం మొదట్లో కూర్చుంటుంది. దాని పైన లాలాజలం చేరుతుంది. ఛాతీ నడుమ బిగపట్టినట్టు నొప్పి, నోట్లో నురగ, చివరకు కక్కు. ఇది ఆమ్లం మంట కాదు, ఇరుక్కున్న అన్నం. దీనికి గ్యాస్ మాత్ర వేసి, దానిమీద గ్లాసెడు నీళ్లు తాగితే పరిస్థితి ఇంకా చెడుతుంది. చేయాల్సింది తినడం ఆపి, లేచి నిలబడి, నెమ్మదిగా నడవడం.

రాగిని వదులుకోవాల్సిన పని మాత్రం లేదు. మొదటి రెండు వారాల్లో వడగట్టిన పలుచని రాగిజావ. మూడోవారం నుంచి కాస్త చిక్కగా. ఆరు వారాలు దాటాక సంగటిని మజ్జిగలో పిసికి, గడ్డల్లేకుండా చెంచాతో. ముద్దగా మింగే సంగటి మళ్లీ తినొచ్చా అంటే, తినకపోవడమే మేలు.

తొలి వారాల క్రమం సర్జన్‌ను బట్టి కొద్దిగా మారినా చట్రం ఇదే. మొదటి రెండు వారాలు ద్రవాలు: పలుచని మజ్జిగ, చింతపండూ కారమూ లేని పప్పుకట్టు, కొబ్బరినీళ్లు, ఆసుపత్రిలో చెప్పిన ప్రొటీన్ పొడి. మూడు, నాలుగు వారాలు మిక్సీ పట్టినవి: పప్పు, పెరుగు, నలిపిన గుడ్డు. అయిదు, ఆరు వారాలు మెత్తనివి: జారుగా వండిన కొర్ర కిచిడీ, ముల్లు తీసిన చేప, పనీరు. ప్రొటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావులీటరు పాలలో 8 గ్రాములు ఉంటాయి కాబట్టి తొలి నెలల్లో పొడి లేకుండా ఆ లెక్క పూర్తికావడం కష్టం. పొడిని నీళ్లలో గిలక్కొట్టాక పది నిమిషాలు ఆగి, నురగ అణిగాక తాగాలి. ఆ నురగంతా గాలే.

మామూలు తిండికి వచ్చాక ఒక పూటకు చిన్న గిన్నెడు, 20 నుంచి 30 నిమిషాలసేపు. ఒక్కో ముద్ద ఉసిరిగింజంత, ఇరవైసార్లయినా నమలాలి. చాలనిపించే గుర్తు అందరికీ ఒకటే కాదు. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి ముక్కు కారడం, కొందరికి ఛాతీ కింద బరువు. ఆ గుర్తు తర్వాత తిన్న ఒక్క ముద్దే రాత్రి మంటకు కారణం కావడం తరచూ చూస్తాం.

ఉగ్గాని విషయంలో తప్పు బొరుగులది కాదు, పక్కనున్న మిరపకాయ బజ్జీది. ఆ బజ్జీలో కూడా కారంకంటే నూనెది పెద్ద పాత్ర. కారం మంటపడ్డ అన్నవాహికను రగిలిస్తుంది, అంతే. నూనె పొట్ట ఖాళీ అయ్యే వేగాన్నే తగ్గిస్తుంది, పైమూతను ఇంకా వదులు చేస్తుంది. ఎర్రకారం దోసె, బుడ్డల (వేరుశనగ) ఊరిబిండి కూడా ఇదే లెక్కన చూడాలి. బుడ్డల్లో ప్రొటీన్ ఉన్నమాట నిజమే, కానీ సగం బరువు నూనే. చింతపండు, టమోటా, గోంగూర పుల్లనివి కాబట్టి పుండుమీద ఉప్పులా మండిస్తాయి, తగ్గేదాకా పక్కనపెట్టాలి. జొన్నరొట్టె మూడు నెలలు ఆగి, పప్పులో నానబెట్టి. వేటమాంసం అన్నిటికంటే చివర, అదీ ఖైమాగా.

నీళ్లు: ఎండకు, గొట్టానికి మధ్య

కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి పోవాలి. ఒకేసారి తాగగలిగింది మాత్రం రెండు మూడు గుక్కలు. బయటనుంచి ఆవురావురుమంటూ వచ్చి చెంబెత్తి గటగటా తాగితే జరిగే నష్టం రెండింతలు. ఎత్తి పోసుకునేటప్పుడు నీళ్లతోపాటు గాలి మింగుతాం. గాలిని పట్టే బుడ్డ ఇప్పుడు లేదు గనక అది తేన్పుగా నేరుగా పైకొస్తుంది, పుల్లనీళ్లను వెంట తెస్తుంది. పాత్రకు పెదవి ఆనించి చప్పరించాలి. ఎంగిలి పట్టింపు ఉంటే సొంత గ్లాసు పెట్టుకోవడమే దారి. స్ట్రా కూడా వద్దు.

మొదటి వారాలకు పనికొచ్చే లెక్క: మందు సీసాతో వచ్చే కొలతకప్పుతో 30 మిల్లీలీటర్లు, పావుగంటకోసారి. గంటకు 120, పద్నాలుగు గంటలకు 1,680 మిల్లీలీటర్లు. ఫోనులో అలారం పెట్టుకోకుండా ఇది సాగదు. అన్నానికి అరగంట ముందు నీళ్లు ఆపి, తిన్నాక అరగంట దాటాకే మొదలుపెట్టాలి. తినేటప్పుడు మజ్జిగ కలుపుకునే అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద శిక్షే, అయినా తప్పదు.

గోలీసోడా, జీలకర్ర సోడా, నీళ్లలో పొంగే పొడులు కడుపు ఉబ్బరానికి మన ఇంటిమందులు. తాగగానే పెద్ద తేన్పు వచ్చి హాయిగా ఉంటుంది. ఆ తేన్పు రావాలంటే పైమూత తెరుచుకోవాలి, పట్టు సడలిన మూత మళ్లీ సరిగా మూసుకోదు. స్లీవ్ ఉన్నవాళ్లు వీటికి దండం పెట్టి దూరంగా ఉండాలి. బీడీ, గుట్కా, పొగాకు వేసిన వక్కాకు కూడా అంతే. నికోటిన్ మూతను వదులు చేస్తుంది, బైపాస్ అతుకు దగ్గర పుండు పడడానికి ముఖ్యకారణాల్లో అది ఒకటి.

రంజాన్ ఉపవాసం తొలి ఏడాది వద్దనే డాక్టర్లే ఎక్కువ. నీళ్ల లెక్క, ప్రొటీన్ లెక్క రాత్రిపూటకే కుదించడం ఈ పొట్టతో సాధ్యం కాదు. తర్వాతి ఏళ్లలో ఉండేవాళ్లు ఇఫ్తార్‌కు షర్బత్ గుక్కలుగా తీసుకుని అరగంట తర్వాతే తినాలి. సహ్రీ చేసి వెంటనే పడుకోకూడదు.

మంచం, బొందు, వంగడం

తల కింద రెండు దిండ్లు వేస్తే మెడ లేస్తుంది గానీ నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్టమీద ఒత్తిడి పెరుగుతుంది. లేవాల్సింది మంచం తలవైపు మొత్తం, 15 నుంచి 20 సెంటీమీటర్లు. తలవైపు కోళ్ల కింద ఒక్కోదానికి రెండు ఇటుకలు పడుకోబెట్టి పేర్చితే దాదాపు ఆ ఎత్తు వస్తుంది. అడుగున కడప బండ ముక్క వేస్తే ఇటుక నేలలో దిగబడదు, పైన గోనెపట్ట వేస్తే కోడు జారదు. నులకమంచం, నవారు మంచం ఈ పనికి బొత్తిగా పనికిరావు. నడుము గుంతలోకి దిగి మనిషి తొట్టెలో పడుకున్నట్టవుతాడు. ఎండాకాలం మిద్దెమీద చాపేసుకునేవాళ్లు వీపు సగంనుంచి తలదాకా వాలుగా ఉండే ఫోము దిండు కొనుక్కోవాలి. ఎడమపక్కకు తిరిగి పడుకుంటే ఎక్కువమందికి తెరిపిగా ఉంటుంది.

రాత్రి అన్నానికి, పడకకు నడుమ మూడు గంటలు. పదింటికి పడుకునేవాళ్లు ఏడింటికి చేతులు కడుక్కోవాలి. తిన్న గంటలోపు కలుపు తీయడం, బిందె ఎత్తడం, కింద కూర్చుని బట్టలుతకడం వద్దు. తొలి నాలుగు నుంచి ఆరు వారాలు అయిదు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు. లంగా బొందు, మొలతాడు, బెల్టు బిగుతుగా ఉన్నా అదే ఒత్తిడి. బరువు తగ్గుతున్నకొద్దీ వదులైన బట్టను బిగించి కట్టుకోవడం మామూలే, కుట్టించుకుంటే బాగుంటుంది.

మాత్ర ఎప్పుడు, ఎలా

పాంటోప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, ఒమెప్రజోల్ 20, ఎసోమెప్రజోల్ 40: ఇవన్నీ ఒకే జాతి. పొట్టలో ఆమ్లాన్ని తోడే మోటార్లలాంటివి ఉంటాయి. ఆ సమయానికి ఆడుతున్న మోటార్లనే ఇవి ఆపుతాయి. మోటార్లు ఆడడం మొదలయ్యేది తిన్నప్పుడు. అందుకే పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట తర్వాత టిఫిన్ తినాలి. మంట లేచాక రాత్రి భోజనంమీద వేసుకునే మాత్రలో సగం వృథా. పాంటోప్రజోల్ మాత్రను నూరకూడదు, పైపూత పోతే పొట్టలోని ఆమ్లమే మందును పాడుచేస్తుంది. మింగలేకపోతే డాక్టరునడిగి గుళిక (క్యాప్సూల్) రూపంలో ఉన్నది తీసుకుని, విప్పి, లోపలి గింజలను చెంచాడు పెరుగులో కలిపి నమలకుండా మింగొచ్చు. బైపాస్ అతుకు పుండుకు గుళిక విప్పి వేసుకోవడమే ఎక్కువ పనిచేస్తుంది.

పేరు చివర 'డి' ఉన్న మాత్రల్లో సాధారణంగా డోంపెరిడోన్ కూడా ఉంటుంది. అది గుండె లయను చెదరగొట్టగలదు, చీటీ లేకుండా నెలలతరబడి వాడేది కాదు. మరో గ్యాస్ మాత్ర రానిటిడిన్‌ను 2022లో మన దేశపు అత్యావశ్యక మందుల జాబితానుంచే తీసేశారు. అవసరానికి ఫామోటిడిన్ ఉంది.

ఆపరేషన్ తర్వాత ఈ మాత్రలు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు రాస్తారు. ఒక్కసారిగా ఆపితే అణిచిపెట్టిన ఆమ్లం ఎగదన్ని, జబ్బు తిరగబెట్టిందన్న భ్రమ కలుగుతుంది. డాక్టరు సలహాతో రెండుపూటలది ఒకపూటకు, తర్వాత రోజు విడిచి రోజుకు, రెండేసి వారాల మెట్లుగా తగ్గించాలి. ఎన్నాళ్లయినా ఆపలేకపోతే పరీక్షలు అవసరమన్నమాట. దీర్ఘకాలం వాడితే బి12, ఇనుము, మెగ్నీషియం తగ్గుతాయి. ఆపరేషన్ ఎలాగూ వాటిని తగ్గించింది. కాల్షియం కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి కాబట్టి వీళ్లకు కాల్షియం సిట్రేట్ మేలు. కాల్షియానికి, ఇనుము మాత్రకు నడుమ రెండు గంటల ఎడం ఉండాలి. తెల్లటి యాంటాసిడ్ సిరప్ తాగినా ఇనుము, థైరాయిడ్ మాత్రలకు ఎడం పెట్టాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది, ఎసిక్లోఫెనాక్ మాత్ర ఊరూరా దొరుకుతాయి. బైపాస్ అయినవాళ్లకు అవి నిషిద్ధం, స్లీవ్ వాళ్లకూ మంచివి కావు. పారాసిటమాల్ వేసుకోవచ్చు.

ఒక సెలైన్ బాటిల్ గురించి

ఈ భాగం ఇంట్లోవాళ్లు చదవాలి. ఆపరేషనైన మనిషి వారాలతరబడి కక్కుతూ, నీరసించి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు పోతే మొదట ఎక్కేది గ్లూకోజ్ బాటిల్. శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిన్, నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. అది అడుగంటిన ఒంట్లోకి గ్లూకోజ్ పోతే, దాన్ని ఖర్చుచేయడానికి మిగిలిన కాస్త థయమిన్ కూడా అయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనపడడం, కనుగుడ్లు అదరడం, తూలుతూ నడవడం, మాటలో తడబాటు దాని గుర్తులు. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగిరాదు. కాబట్టి గ్లూకోజ్‌కు ముందు థయమిన్ సూది, కనీసం 100 మిల్లీగ్రాములు, పడాలి. ఈ ఒక్క మాట గట్టిగా అడగడానికి మొహమాటపడొద్దు.

మంట కానివి

మొదటి నెలలో జ్వరం, నాడి నిమిషానికి 120 దాటడం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి కలిసొస్తే కుట్టు దగ్గర లీకేజీ అయ్యుండొచ్చు. గంటలు లెక్కపెట్టాల్సిన స్థితి అది, రాత్రయినా బయలుదేరాలి. నీళ్లు కూడా నిలవకపోతే ఇరుకు. నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు కక్కు పుండువి. నూనెవంట తిన్నాక కుడి డొక్కలో మొదలై భుజానికి పాకే నొప్పి పిత్తాశయపు రాళ్లది. బరువు వేగంగా తగ్గినప్పుడు రాళ్లు పడడం మామూలు, అందుకే చాలామందికి ఆరునెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర రాస్తారు. బైపాస్ అయినవాళ్లకు ఓళిగ తిన్న అరగంటలో చెమట, దడ, కడుపునొప్పి వస్తే అది తీపి పేగులోకి ఒక్కసారిగా దిగడంవల్ల. ఇక ఛాతీ నడుమ బండ పెట్టినట్టుండి, చెమటపట్టి, దవడకో ఎడమచేతికో లాగుతుంటే గ్యాసనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. ముందు ఈసీజీ.

పరీక్షలు, మరో ఆపరేషన్

ఆరు వారాల్లోపు వచ్చే మంట చాలావరకు వాపు తగ్గేకొద్దీ పోతుంది. బరువు తగ్గి పొట్టలో ఒత్తిడి దిగడంవల్ల ఏడాదికి మరికొందరికి నయమవుతుంది. రెండు మూడేళ్ల తర్వాత కొత్తగా మొదలైన మంటను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, అప్పుడు కారణం ఎక్కువగా హెర్నియానో, ఇరుకో, సాగిన గొట్టమో అయ్యుంటుంది. ఎండోస్కోపీ రిపోర్టులో అన్నవాహిక ఎంత దెబ్బతిందో చెప్పే ఎల్‌ఏ గ్రేడ్ ఏ నుంచి డీ దాకా ఉంటుంది. ఏ అంటే చిన్న గీతలు, సీ, డీ అంటే గట్టి దెబ్బ. బేరియం మింగించి తీసే ఎక్స్‌రేలో మెలిక, ఇరుకు బాగా తెలుస్తాయి. ఇరవైనాలుగు గంటలపాటు అన్నవాహికలోని ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష, అన్నవాహిక ఒత్తిడి కొలిచే మానోమెట్రీ రెండో ఆపరేషన్ ఆలోచన వచ్చినప్పుడు చేయిస్తారు.

లక్షణాలు లేకపోయినా స్లీవ్, మినీ బైపాస్ అయినవాళ్లు ఏడాది నిండాక ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమని ఈ సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య సూచించింది. మంట తెలియకుండానే అన్నవాహిక లోపలి పొర మారిపోయేవాళ్లు ఉంటారు. ఆ మార్పును బారెట్స్ అంటారు, కొందరిలో అది కాలక్రమంలో క్యాన్సర్‌కు దారితీయగలదు. ఇరుకును బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు, హెర్నియాను కుట్టొచ్చు. ఏదీ పనిచేయని స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం ఇప్పటికి అన్నిటికంటే నమ్మకమైన మార్గం.

ఊళ్లో ఏ డాక్టరు దగ్గరకు పోయినా వెంట ఒక చీటీ ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ జిరాక్స్, ఆపరేషన్ పేరు, తేదీ, అప్పటి బరువు, ఇప్పటి బరువు, సర్జన్ ఫోన్ నంబరు. దాని వెనకవైపు వారంరోజుల లెక్క: ఎన్నింటికి తిన్నారు, ఏం తిన్నారు, ఎన్నింటికి మంట లేచింది, పులుపా, చేదా, నురగా, కక్కులో అన్నం ఉందా, మాత్ర ఎప్పుడు వేశారు. స్లీవా, మినీ బైపాసా అన్నది తెలియకుండా రాసే మందు చీకట్లో విసిరిన రాయే.